నీళ్ళ కోసం కాచుక్కూర్చున్న బండి

మా కాలవగట్టు మీద ఇల్లు కట్టుకునేవాడు ముందు నేలను చూడడు, నీళ్ళని చూస్తాడు. ఎండాకాలం నేల మాది. వరదకాలం అదే నేల చేపలది. అందుకే ఇళ్ళన్నీ పొడుగాటి గుంజల మీద, కొంగలు నిలబడ్డట్టు నిలబడి ఉంటాయి. కింద బాతులు, పైన మనుషులు.

ఇంటి నేల ఎంత ఎత్తున వెయ్యాలో సందేహం వస్తే ఎవరైనా నా దగ్గరికే రావాలి. పెద్ద వరద వచ్చిన ఏడు నీళ్ళు ఎందాకా ఎక్కాయో మా ఇంటి గుంజ మీద కత్తితో గంటు పెట్టినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. ఆ ఏడు మా పెద్దల పటాల ముందు పెట్టిన టీ కప్పులో ఒక కొరమేను కాపురం పెట్టింది. నీళ్ళు తీశాక కూడా కదలనంది. వచ్చిన అతిథిని వెళ్ళగొట్టడం మర్యాద కాదని పెద్దలకు మేమే వేరే కప్పు కొన్నాం.

కియెమ్ కూడా ఆ గంటు కోసమే వచ్చాడు. వాడు ఆరోవాడు. నేను పదోవాణ్ణి. మా వైపు మనుషుల్ని పుట్టిన వరుసతోనే పిలుస్తాం. పెద్దబిడ్డను మాత్రం రెండోవాడంటాం. మొదటివాడంటే దయ్యాల కన్ను పడుతుందట. దయ్యాలకు లెక్కలు రావని మా నమ్మకం, ఇప్పటిదాకా అవీ కాదనలేదు.

కియెమ్ తండ్రి పడవలు కట్టేవాడు. ఎండాకాలమంతా ఇంటి కిందే కూర్చుని కట్టేవాడు. ఎంత పెద్ద పడవైనా దాన్ని బయటికి లాగే పని పెట్టుకోలేదు. వరద వచ్చేది, పడవ దానంతటదే లేచి గుమ్మం దాటినట్టు దాటి పోయేది. మా దగ్గర పడవ కట్టడమంటే సగం పని వడ్రంగిది, సగం నీళ్ళది. కియెమ్‌కి ఆ పని నచ్చలేదు. పడవల రోజులు పోయాయని తండ్రి మొహం మీదే చెప్పి, చౌడొక్ పట్నం పోయి మోటారు సైకిళ్ళ షెడ్డులో చేరాడు. అక్కడ నడుం పడిపోయేదాకా ఇంకొకడి కింద పని చేశాడు. యజమానిది కుషను కుర్చీ. వీడిది మూడుకాళ్ళ పీట, అందులో ఒక కాలు ఇటుక. చివరికి ఒకరోజు ఆ ఇటుక యజమానికిచ్చేసి ఇంటికొచ్చాడు. ఇంట్లోనే షెడ్డు పెట్టుకుంటానన్నాడు.

ఇంటికి ముందువైపు కొత్తగా హాలు వేద్దామని వాడి ఆలోచన. అందుకే గంటు చూడటానికి వచ్చాడు, వెనకాల పెళ్ళాం లూవా కూడా వచ్చింది.

"పదో తాతా, ఎందాకా వచ్చాయి నీళ్ళు?" అన్నాడు.

చెయ్యెత్తి చూపించాను.

"మొన్న పెళ్ళిలో నడుం దాకా అన్నావు," అంది లూవా. "ఇప్పుడు నెత్తి దాటించావు."

"గుంజ పెరిగిందమ్మా."

"నరికి పాతిన కర్ర పెరుగుతుందా?"

"మా నేల సారం అలాంటిది."

కియెమ్ నా మాటే విన్నాడు. వాడిలో నాకు నచ్చేది అదే. గంటుకి ఇంకో జానెడు పైకి కలిపి మరీ హాలు వేశాడు. ఎంత ఎత్తంటే, కింద తిరిగే బాతులు అది మబ్బనుకుని కొన్నాళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. ఊరకుక్క పైకెక్కాలంటే మెట్ల మధ్యలో ఒక కునుకు తీసేది.

హాలు వాడొక్కడి కోసమే వేస్తున్నాననుకున్నాడు కాని, లూవా అప్పటికే దానిమీద కన్నేసింది. ఆమె ఊరచేప పెడుతుంది. వరద నీళ్ళతో పాటు పైనుంచి లిన్ చేపలు కొట్టుకొస్తాయి, వేలెడంత ఉంటాయి. అవి వచ్చినప్పుడు ఊళ్ళో పడవలన్నీ వలల దగ్గరే. ఆ కాసిని రోజుల్లో జాడీల్లో ఉప్పేసి ఊరబెట్టిందే ఆమె ఏడాది సంపాదన. జాడీలు మాత్రం చిన్నవి కావు. ఒక్కోదానిలో కియెమ్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. దెబ్బలాడుకున్నప్పుడు కూర్చున్నాడని కూడా విన్నాను. వాటిని పెట్టుకోవడానికి ఆమెకు చోటు కావాలి.

"సరే," అంది చివరికి. "ఈ ఏడు లిన్ చేపలు దిగేలోగా నీ షెడ్డులోంచి ఒక్క బండి, ఒక్కటంటే ఒక్కటి, బాగుపడి బయటికి పోవాలి. పోయిందా, హాలు నీది. పోలేదా, హాల్లోకి నా జాడీలు ఎక్కుతాయి, నువ్వు పట్నం బస్సెక్కుతావు."

"చేపలు తొందరపడి వచ్చేస్తే?"

"అది నువ్వూ చేపలూ మాట్లాడుకోండి."

పట్నం యజమాని ఆ పీటను అలాగే ఉంచాడనీ, ఇటుక కూడా తిరిగి పెట్టాడనీ కబురొచ్చింది. కియెమ్ ఆ రోజు భోంచెయ్యలేదు.

షెడ్డు మాత్రం కళగా అమర్చాడు. తండ్రి పడవ దుంగలు ఎత్తిన చైను కప్పీని హాలు దూలానికి వేలాడదీశాడు. ఇంజన్ని పైకెత్తి పట్టుకోవడానికి అంతకంటే మంచిది లేదు. గోడకు పానాలన్నీ చిన్నదాని పక్కన పెద్దది, బడిలో పిల్లల్లా వరుసగా తగిలించాడు. నట్లు, బోల్టులు వెయ్యడానికి లూవా ఖాళీ ఉప్పు డబ్బాలు తెచ్చుకున్నాడు. బెంచీకి మూలగా, ఇనుమును కరిచిపట్టే వైసు బిగించాడు. తండ్రి పటాన్ని కూడా ఈ హాల్లోకే తెచ్చాడు. బెంచీ ఎదురుగానే ఉంది. ఇంజను విప్పే ముందు అక్కడ ఒక అగరొత్తి వెలిగించేవాడు.

చెక్కల నేల కావడం వల్ల ఒక్కటే చిక్కు. చేతిలోంచి జారిన ప్రతి నట్టూ సందులోంచి కిందికి పోయేది. కియెమ్ పగిలిన స్పీకరు అయస్కాంతాన్ని గేలం దారానికి కట్టి, అదే సందులోంచి కిందికి వదిలి, గుంజి పైకి లాగేవాడు. పొద్దుగూకేసరికి వాడు బండి బాగుచేసిందెంతో, నట్లు పట్టిందెంతో చెప్పడం కష్టం. కొన్నింటిని బాతులు మింగేవి. మాంసం కూరలో వాషరు తగిలితే ఊళ్ళో ఎవరూ తిట్టుకునేవాళ్ళు కాదు, కడిగి పంపించేవాళ్ళు.

మొదటి బేరం ఐదో అక్క దియెప్‌ది. రేవులో చేపలవాళ్ళకి మంచు దిమ్మలు వేసే మనిషి. పాత మోటారు సైకిలు వెనకాల మంచు కట్టుకుని తిరిగేది. దిమ్మ జారినప్పుడల్లా ఆమె కూడా జారేది.

"ఒరే ఆరోవాడా," అంది. "నా బండికి రెండు కాళ్ళు, నాకు రెండు కాళ్ళు. నాలుగూ అరిగాయి. నాకెలాగూ పెట్టలేవు, దానికైనా మూడోది పెట్టు. వెనకాల ఇనుప తొట్టి కూడా చెయ్యి. లిన్ చేపలు వచ్చేసరికి నా చేతిలో ఉండాలి. చేపలొచ్చాక మంచు లేకపోతే రేవంతా నన్నే కోసి ఎండబెడతారు."

"మీరు నిశ్చింతగా ఉండండక్కా."

బండిని కిందే విప్పి, ముక్కలు ముక్కలుగా పైకి చేర్చాడు. ఇంజన్ని భుజం మీద మోశాడు. చక్రాలు మెళ్ళో దండల్లా వేసుకుని ఎక్కాడు. ఇనప గొట్టాలు తాడు కట్టి లాగాడు. వెల్డింగు మిషను ఆన్ చేస్తే మా ఇంట్లో బల్బు కూడా తలవంచేది. కింద కాలవ పొంగి పొలాల్లోకి పాకుతోంది, పైన బండి రోజురోజుకీ వెడల్పవుతోంది. రెండూ ఒకదాన్ని చూసి ఒకటి పెరుగుతున్నాయా అన్నట్టుండేది.

పూర్తయిన రోజున చూడటానికి అందరం వెళ్ళాం. అప్పటికి కింద మనిషి మెడ దాకా నీళ్ళున్నాయి, పడవ కట్టుకుని మెట్లెక్కాం. బండి హాలు మధ్యన ఎర్రరంగు వేసుకుని పెళ్ళికూతురులా నిలబడి ఉంది. తొట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. అందరం చుట్టూ తిరిగాం, అంటే ఒక్కొక్కళ్ళం పక్కకి తిరిగి గోడకానుకుని దూరాం. దియెప్ సీటు మీద కూర్చుని, దిగి, మళ్ళీ కూర్చుంది.

"ఇంక నీళ్ళు ఇంకాస్త రావడమే ఆలస్యం," అన్నాను.

"అంతే అంతే," అన్నారందరూ.

మూల వెల్లుల్లి వొలుస్తున్న లూవా తలెత్తింది. "నీళ్ళొస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుందేమిటి," అన్నాడు కియెమ్. "లేచి బయటికి పోతుంది."

"ఏది లేస్తుంది?"

"బండి."

"ఇనుము లేస్తుందా?"

కప్పీ చైను చిన్నగా ఊగింది. మా తాతల కాలం నుంచీ ఇంట్లో కట్టిన ప్రతిదాన్నీ నీళ్ళే వచ్చి తీసుకెళ్ళాయి. ఇది పడవ కాదన్న సంగతి కట్టినవాడికీ తట్టలేదు, కట్టించుకున్నదానికీ తట్టలేదు. నాకు తట్టింది. కాని పెద్దవాణ్ణి, పని మధ్యలో అడ్డం మాట్లాడటం బాగుండదని ఊరుకున్నాను.

మెట్ల మీదుగా దింపుదామంటే బండి మెట్లకంటే రెండింతలుంది. ముందుగోడ పలకలు ఊడదీసి తాళ్ళతో దించుదామంటే కింద మెడలోతు నీళ్ళు, ఆ కింద బురద. బురదలో దిగిన ఇనుము మళ్ళీ ఎండాకాలానికి గాని కనిపించదు.

"రెండుగా కొయ్యరా," అన్నాను.

"కోస్తే మళ్ళీ అతకాలి తాతా. మంచు బరువు పడగానే అతికినచోటే విరుగుతుంది. నా షెడ్డులోంచి మొదటి బండి విరిగి పోతే రెండోది రాదు."

"అయితే నీళ్ళు నేల దాకా ఎక్కనీ. నా పడవ మీదికి దొర్లించుకుందాం."

రోజూ కియెమ్ మెట్ల మీద కూర్చుని నీళ్ళు చూసేవాడు. అవి సగం మెట్ల దాకా వచ్చి ఆగాయి. కుక్క కునుకు తీసే మెట్టు అది. కుక్క ఒక మెట్టు పైకి జరిగింది, నీళ్ళు జరగలేదు.

"నీ గంటు దాకా వస్తాయన్నావు," అన్నాడు నాతో.

"వస్తాయి. ఈ ఏడే వస్తాయని అన్నానా?"

దియెప్ రోజుకోసారి ఎవరి పడవలోనో ఎక్కి వచ్చి కిందనుంచి కేకేసేది.

"నా బండి ఏదిరా?"

"పైన ఉందక్కా."

"పైన ఎందుకుంది?"

"కిందికి రాలేదు గనక."

"పెళ్ళిచూపుల్లా రోజూ వచ్చి చూసి పోవడమేనా, కాపురానికి పంపేదుందా?"

కియెమ్ పంక్చరుకొచ్చిన ట్యూబులన్నీ ఊది బండి కింద కడదామని చూశాడు. పంక్చరు ఉన్నాయి గనకే అవి షెడ్డుకొచ్చాయని గాలి పోయాక గుర్తొచ్చింది.

అలా ఉండగా ఒక పొద్దున గట్టు పొడుగునా జీలుగ పూలు పచ్చగా విచ్చుకున్నాయి. అవి పూస్తే చేపలు వచ్చినట్టే. మధ్యాహ్నానికి ఊళ్ళో పడవలన్నీ వలల దగ్గరికి పోయాయి. మిగిలింది నాదొక్కటే. అది నాకంటే ముసలిది, నాకంటే ఎక్కువ కారుతుంది. లూవా తమ్ముళ్ళు తొలి వలలో పడ్డవి తట్టలకొద్దీ తెచ్చి వంటింట్లో గుమ్మరించి పోయారు. వెండి కుప్పలా మెరుస్తున్నాయి. ఆ ఎండకు సాయంత్రం దాకా ఆగే చేపలు కావవి.

కియెమ్ లేచి గోడకున్న పానాలు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వెయ్యడం మొదలుపెట్టాడు. బస్సెక్కేటప్పుడు తీసుకెళ్ళడానికి. లూవా చూసింది. మెట్ల మీద కూర్చుని వరదనీళ్ళలో జాడీ కడుగుతోంది. చేతిలోంచి జారింది. మునుగుతుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది మూతి పైకెత్తి, పొట్ట ఊపుకుంటూ, సంతకు పోయే లావుపాటి ఆడమనిషిలా కాలవ వైపు పోతోంది. నా పడవలో వెంటబడి పట్టుకొచ్చాను.

లూవా జాడీని చూసింది. హాల్లో పానాల చప్పుడు వింది. మళ్ళీ జాడీని చూసింది.

"ఇదిగో," అంది లోపలికి. "మూతి బిగించి కడితే ఇది ఎంత బరువు మోస్తుంది?"

చప్పుడు ఆగింది. కియెమ్ గుమ్మంలోకి వచ్చాడు. "నీ చేపలో?"

"నువ్వడిగితే ఇచ్చేదాన్ని కాదు. అడక్కముందే ఇస్తున్నా, తీసుకో."

"చేపలు కుళ్ళిపోతాయే."

"బండి పోతే మంచు వస్తుంది. మంచు వస్తే చేపలు ఆగుతాయి. బండి పోలేదా, చేపలూ పోతాయి, నువ్వూ పోతావు. ఈ ఇంట్లో నేనూ పదో తాతా మిగులుతాం."

"మధ్యలో నేనెందుకమ్మా?" అన్నాను.

"నీ గంటు వల్లే కదా ఇదంతా."

ఆ మాటకు జవాబుంది గాని, పని తొందర వల్ల చెప్పలేదు.

పాత ట్యూబులు కోసి జాడీల మూతులకు చర్మంలా బిగించాడు కియెమ్. వల చుట్టి, గోనెలు దూర్చి, బండి కింద, పక్కన, వెనక వరుసగా కట్టాడు. ముందుగోడ పలకలు ఊడదీశాం. రెండు పోకమాన్లు హాలు అంచు నుంచి నీళ్ళలోకి వాలుగా వేసి, షెడ్డులో పోగైన మురికి ఆయిలంతా వాటికి పూశాం. అప్పటికి దియెప్ కూడా లూవా తమ్ముళ్ళ పడవలో వచ్చి, చీరుకుపోయిన టోపీ సర్దుకుంటూ నిలబడింది.

"ఆగండి," అంది. "దీనికి కళ్ళేవి?"

"బండికి కళ్ళేమిటక్కా?" అన్నాడు కియెమ్.

"నీళ్ళలోకి దిగుతోందా లేదా? కళ్ళు లేనిది నీళ్ళలో దారెలా చూస్తుంది? గుడ్డిదాని మీద నేనెక్కను. మీ నాన్న కట్టిన ఏ పడవైనా కళ్ళు లేకుండా నీళ్ళు తాకిందా?"

మా వైపు పడవ ముందుకొనకి, అదే అణియానికి, కళ్ళు రాయనిదే ఎవరూ దించరు. కియెమ్ తండ్రి రాసిన కళ్ళు చూసి మొసళ్ళు పక్కకి తప్పుకునేవి. ఒక మొసలి సిగ్గుపడి తల తిప్పుకోవడం నేను స్వయంగా చూశాను.

కియెమ్ చేతులు తుడుచుకున్నాడు. తరవాత తండ్రి పటం వెనక చెయ్యిపెట్టి, కుచ్చు ఊడిన కుంచె తీశాడు. అది అక్కడుందని వాడికి తెలుసన్న సంగతి మాకెవరికీ తెలియదు. అగరొత్తి వెలిగించి, "నాన్నా, ఇది పడవే," అన్నాడు. పటంలో ఆయన ఏమీ అనలేదు. బతికున్నప్పుడూ అంతే.

హెడ్‌లైటుకి అటొకటి ఇటొకటి రాశాడు. మొదటిసారి కదా, ఎడమ కన్ను మెల్ల వచ్చింది. "చూస్తోంది, చాలు," అంది దియెప్, బండెక్కి కూర్చుంది. యజమాని ఎక్కనిదే పడవ దిగదు. కార్బురేటరులోకి నీళ్ళు పోకుండా ప్లాస్టిక్ సంచి కట్టి, కప్పీ చైను మెల్లగా వదిలాడు కియెమ్. బండి పోకమాన్ల మీద జారింది. మురికి ఆయిలు చేసే మేలు ఆ రోజే తెలిసింది. మేమనుకున్నదానికంటే చాలా వేగంగా జారింది. నీళ్ళు మా మొహాల దాకా ఎగిశాయి. అవి దిగాక చూస్తే బండి తేలుతోంది. దియెప్ దాని మీద నిటారుగా, దిమ్మకట్టిన మంచులాగే కూర్చుని ఉంది.

ఒక జాడీ పగిలింది. అందుకని బండి ఎడమవైపుకి, మెల్లకన్ను వైపుకే ఒరిగింది. లూవా మెట్ల మీద నుంచే ఒకటి అని గట్టిగా లెక్కపెట్టింది.

నా పడవకు తాడు కట్టి లాగాను. కియెమ్ ఈదుతూ వెనకనుంచి తోశాడు. కాలవ అవతల రోడ్డు గట్టు ఎక్కించి, జాడీలు విప్పి, సంచి తీసి కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. రెండోసారి కొడితే సైలెన్సరులోంచి ఒక లిన్ చేప బయటికి పడింది. దాని వెనక ఇంకోటి. పులుసుకి సరిపడా పడ్డాక ఇంజను అందుకుంది. ఇది నేను చెబితే ఎవరూ నమ్మరు. దియెప్‌ని అడగండి, ఆ పులుసు తిన్నది ఆమే.

సాయంత్రం లోపల మూడు కాళ్ళ బండి మంచు దిమ్మలతో రేవులోకొచ్చింది. మొదటి దిమ్మ ఎవరికీ అమ్మకుండా నా పడవలో వేసింది దియెప్. లూవా చేపలు మంచులో పడుకున్నాయి. మర్నాడు జాడీలు తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప.

ఇక పందెం తేల్చాలి. చేపలు దిగాక బండి పోయిందా, బండి పోయాక చేపలు దిగాయా అని కియెమ్ నన్ను సాక్ష్యం అడిగాడు. నేను చెప్పబోతుంటే లూవా చెయ్యెత్తింది.

"తాత చెబితే చేపలు ఇంకా ఎగువనే ఉన్నాయంటాడు. నేనే చెబుతా. హాలు జాడీలదే. నీ బండిని మోసింది అవి, చేపలు నీ బండికంటే ముందొచ్చాయి."

కియెమ్ గోనెసంచి వైపు చూశాడు.

"బస్సెక్కమని అన్నానా?" అంది. "జాడీల మీద బండి తేలినప్పుడు షెడ్డు తేలదా? పీపాలు కట్టి నీళ్ళమీద వేసుకో. నీళ్ళెంత వస్తే అంత లేస్తుంది. ఏ ముసలాడి గంటూ అక్కర్లేదు."

చివరి మాట అనవసరంగా అన్నది. కాని షెడ్డు అలాగే కట్టాడు. ఇంటిపక్కనే ఖాళీ పీపాల మీద తెప్ప, రెండు వైపులా గుమ్మాలు, కప్పీ, బెంచీ, మధ్యలో తండ్రి పటం. ఎండాకాలం బురద మీద కూర్చుంటుంది, వరదకి లేస్తుంది. ముందువైపు రెండు కళ్ళు రాశాడు, ఈసారి రెండూ తిన్నగా వచ్చాయి. ఇప్పుడు ఏ బండి బాగుచేయించుకున్నా హెడ్‌లైటు పక్కన కళ్ళు రాయమంటున్నారు జనం. పట్నం నుంచి కూడా వస్తున్నారు.

షెడ్డు తాడు మాత్రం లూవా వంటింటి గుంజకు కట్టి ఉంటుంది. దెబ్బలాట ముదిరితే విప్పుతుంది. మొన్న వరదలో ఒకసారి విప్పింది కూడా. కియెమ్ ఇంజన్లో తలపెట్టి ఉన్నాడు, చూసుకోలేదు. కింది ఊరి దాకా కొట్టుకుపోయాడు. అక్కడివాళ్ళు షెడ్డే తమ దగ్గరికి నడిచొచ్చిందనుకుని ఉన్న బండ్లన్నీ ఎక్కించారు. బాగుచేసుకుంటూ, జేబు నింపుకుంటూ, ఎదురీదుతూ తిరిగొచ్చాడు.

లూవా తాడు మళ్ళీ కట్టింది. ఈసారి ముడి కొంచెం వదులుగా వేసింది.